అరువు పుస్తకంలో చివరి పేరు

క్లబ్బు గది, రెండో అంతస్తు
జనవరి 7, ఆదివారం

వదినకి నమస్కారాలు.

ఈ నెల క్లబ్బు రిపోర్టు ఇది. ఎప్పటిలాగే అన్నయ్యకి చదివి వినిపించండి. తెలిసిన సంగతులు చెవిన పడుతుంటే పక్షవాతం వచ్చినవాళ్లకి మంచిదని డాక్టరు చెప్పారు కదా. మాట పోయినా వినికిడి పోలేదుగా.

సమావేశానికి ఐదుగురం వచ్చాం. లెక్కల మాస్టారు, పళ్ల డాక్టరు, టైలరు, రేడియో తాత, నేను. రేడియో తాతని లెక్కలో వెయ్యడం అన్యాయమే అనుకోండి. ఆయన మన కుర్చీలో కునుకు బాగా పడుతుందని వస్తాడు. కీబోర్డు పొట్టలోనే కంప్యూటరంతా ఉండి టీవీకి తగిలించుకునే మన మిషన్లు చూసి, పక్క గది డాన్సు టీచరు "ఇంకా టైపు నేర్చుకునేవాళ్లు ఉన్నారాండీ?" అని అడిగింది. ఉన్నారమ్మా అన్నాను. వివరంగా చెప్పే ఓపిక లేకపోయింది.

పళ్ల డాక్టరు ఒక ఆట క్యాసెట్టు తెచ్చాడు. క్యాసెట్టు నుంచి మిషను లోకి ఎక్కడానికి పదకొండు నిమిషాలు. పదో నిమిషంలో ఆగిపోయింది. టేపు హెడ్డు స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టాం. మళ్లీ పదో నిమిషంలోనే. అలా నాలుగుసార్లు. అయిదోసారి ఎక్కింది గాని, అప్పటికి అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. ఆట ఎవరూ ఆడలేదు.

అసలు సంగతి ఇక. హాలు కమిటీ వాళ్లు కాగితం ఇచ్చారు. గదులు వాడుకునే సంఘాలన్నింటినీ మార్చిలో తనిఖీ చేస్తారట. మనకున్న సామాను చూపించాలి, కనీసం పన్నెండుమంది సభ్యుల పేర్లు చూపించాలి. లేదంటే గది కుట్టు క్లాసుకి ఇచ్చేస్తారు.

సభ్యులకి లోటు లేదు. అన్నయ్య పెట్టిన నియమం బీరువా తలుపు లోపల ఇప్పటికీ అతికించే ఉంది. చందాలు లేవు, క్లబ్బు వస్తువు ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లే సభ్యులు, తిరిగిచ్చిన రోజు సభ్యత్వం పోతుంది. అరువు పుస్తకం ప్రకారం పదిహేడుమంది ఉన్నారు. మీ ఇంట్లో ఒక మిషను ఉంది కనక మీ పేరూ ఉంది. ఇంతకాలం ఎవరినీ "మాది మాకిచ్చెయ్యండి" అని అడగలేదు. అడిగితే మనిషి పోతాడని అన్నయ్య భయం. చిక్కేమిటంటే, పుస్తకంలో అరవై నాలుగు వస్తువులుంటే బీరువాలో తొమ్మిదే ఉన్నాయి.

ఏం చెయ్యాలో తోచడం లేదు. పోతే పోనీ అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది. అన్నయ్య ఎలా ఉన్నాడో రాయండి.

మీ మరిది


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
జనవరి 16

సెక్రటరీ గారికి,

నీ రిపోర్టు అందింది. మీ అన్నయ్యకి మొత్తం చదివాను. టేపు నాలుగుసార్లు ఆగిపోయిన చోట ఆయన పెదవి ఎడమపక్కకి లాగారు. అది నవ్వేనని నేను అనుకుంటున్నాను. రేడియో తాత పేరు రాగానే కళ్లు పెద్దవి చేశారు.

ఆ మిషను ఒళ్లో పెడితే ఎడమచేత్తో మీటలు నొక్కుతున్నారు. టీవీకి తగిలించలేదులే, ఆ తీగల గొడవ నాకు తెలీదు. ఎక్స్‌రే గదిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసినదాన్ని, పెద్ద పెద్ద మిషన్లు నా మాట విన్నాయి గాని మీ పెట్టెలు మాత్రం నా ముఖం చూస్తేనే మొండికేస్తాయి.

పోతే పోనీ అని మాత్రం అనకు. ఆ మాట చదవకుండా దాటేశాను. నెలకోసారి నీ ఉత్తరం వస్తుందనే ఆశతో ఈ ఇల్లు నడుస్తోందయ్యా. పెళ్లీ పెటాకులూ లేనివాడివి, నీకు మాత్రం ఆదివారంనాడు వేరే ఏం పని? ఏదో ఒకటి చేసి ఆ గది నిలబెట్టు. నా కోసం కాదు, ఆయన కోసం.

ఈసారి ఇంకొంచెం పొడుగ్గా రాయి. టైలరు కొడుకు ఉద్యోగం సంగతి ఏమైందో, డాన్సు టీచరు ఇంకా ఏమందో, అన్నీ రాయి.

వదిన


బస్సు డిపో, స్టోర్సు గది
ఫిబ్రవరి 5

వదినకి నమస్కారాలు.

డిపోలో కూర్చుని రాస్తున్నాను. చుట్టూ బ్రేకు డబ్బాలు, బెల్టులు. నిన్న సమావేశానికి ముగ్గురమే. టైలరు కొడుక్కి ఉద్యోగం వచ్చిందట, ఆ ఆనందంలో ఆయన రాలేదు. డాన్సు టీచరు ఏమీ అనలేదు గాని, ఆవిడ పిల్లలు మన గుమ్మంలో నిలబడి తెగ నవ్వుకున్నారు.

మీరు అంతగా చెప్పారు గనక ఒక ఉపాయం ఆలోచించాను. బయట ఉన్న వస్తువులన్నీ తనిఖీ రోజుకి తెప్పిస్తాను. బీరువా నింపి చూపిస్తాను. కమిటీ వాళ్లు చూసి వెళ్లగానే, ఎవరి వస్తువులు వాళ్లకి మళ్లీ అరువు రాసి ఇచ్చేస్తాను. పేర్లు పేర్లలాగే ఉంటాయి, సామాను సామానులాగే ఉంటుంది. పదహారు కార్డులు చేత్తో రాశాను. కొందరు ఇళ్లు మారారు. ఒకాయన చిరునామాకి వెళ్తే అక్కడ టీకొట్టు ఉంది, కొత్త చిరునామా ఆ కొట్టువాడే చెప్పాడు. ఇంకొకాయన కోసం మూడు బస్సులు మారి వెళ్తే, తలుపు తీసి "మీరెవరు?" అన్నాడు. ఇరవయ్యేళ్లు పక్కపక్కన కూర్చున్నాం వదినా! తల ప్రాణం తోకకొచ్చింది.

మీ దగ్గరున్న మిషను పార్సిలు చెయ్యగలరా? అన్నయ్య దానితో కాలక్షేపం చేస్తున్నాడంటే వద్దులెండి. ఆయన చేతిలోంచి లాక్కోవడం నాకిష్టం లేదు. అన్నయ్యకి మందు పనిచేస్తోందా?

మీ మరిది


ఇల్లు
ఫిబ్రవరి 20

మరిదికి,

మిషను పంపడం కుదరదు. అది కనిపించకపోతే ఆయన వెతుక్కుంటారు.

ఈ ఉత్తరం నాలుగు రోజుల కిందట మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసేసరికి ఏదో ఒకటి. మందు పనిచేస్తోందో లేదో నాకు తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఈసారి నీ రిపోర్టు ఒక పేజీకే అయిపోయింది. టీకొట్టు ఉంది అని రాశావు, టీ తాగావా లేదా రాయలేదు.

ఉంటాను. మంచం తట్టి పిలుస్తున్నారు.

వదిన


క్లబ్బు గది
మార్చి 10

వదినకి నమస్కారాలు.

టీ తాగాను. నీళ్లలా ఉంది.

నిన్న తనిఖీ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, అన్నయ్యకి చదవాలో వద్దో మీరే చూడండి.

నేను ఊహించనంత బాగా కదిలారు జనం. వారం ముందునుంచే తేవడం మొదలుపెట్టారు. ఒక్క కార్డుకే వచ్చారు, రెండోసారి గుర్తు చెయ్యాల్సిన పని లేకపోయింది. మానిటర్లు, జాయ్‌స్టిక్కులు, అట్టపెట్టెల నిండా క్యాసెట్లు, బైండు చేసిన పత్రికలు. పళ్ల డాక్టరు తన దగ్గరున్న డిస్కు డ్రైవు దుమ్ము తుడిచి, కొత్త గుడ్డలో చుట్టి తెచ్చాడు. నన్ను చూసి "మీరు ఎప్పుడడుగుతారా అని పదేళ్లుగా చూస్తున్నానండీ" అన్నాడు. అప్పుడైనా నాకు వెలగాల్సింది. వెలగలేదు. పుస్తకంలో కొట్టివేతలు కొట్టుకుంటూ కూర్చున్నాను, బీరువా నిండుతోందన్న సంబరంలో.

హాలు మేనేజరమ్మ వచ్చింది. బీరువా చూసి "అబ్బో, మీ దగ్గర ఇంత ఉందా" అని మెచ్చుకుంది. అన్నీ రాసుకుంది. తర్వాత తలుపు లోపలి నియమం పైకే చదివింది. పుస్తకం తీసి చూసి, "అన్నీ తిరిగొచ్చేశాయి కదా సార్. మీ రూలు ప్రకారం ఇప్పుడు సభ్యులెవరు?" అంది.

"ఒక్క నిమిషం అమ్మా, ఇప్పుడే మళ్లీ రాసి ఇస్తాను" అన్నాను. వెనక్కి తిరిగి "రండి మాస్టారూ, మీ మానిటరు మీరు తీసుకోండి" అని పిలిచాను.

లెక్కల మాస్టారు ముందుకు రాలేదు. "ఆ మూల ఖాళీ అయింది నాయనా. మా ఆవిడ అక్కడ కుర్చీ వేసేసింది" అన్నారు.

"టైలరు గారూ?"

"వద్దు సార్. మీరేమీ అనుకోకండి. పెద్దాయన మొహం చూసి ఇన్నాళ్లూ ఉంచుకున్నా."

పెద్దాయన అంటే అన్నయ్య. అందరూ అదే మాట. పెద్దాయన మొహం చూసి. క్లబ్బుకోసం అంత పని చేసినవాడు, ఎట్లా వద్దంటాం, ఎట్లా తిరిగిచ్చేస్తాం అని. ఒక్కొక్కరే నా చెయ్యి పట్టుకుని, ఏదో పరామర్శకి వచ్చినట్టు రెండు మాటలు చెప్పి మెట్లు దిగిపోయారు. రేడియో తాత ఒక్కడే మిగిలాడు. నిద్రపోతున్నాడు కనక. లేపితే "అయిపోయిందా?" అని ఆయనా వెళ్లిపోయాడు.

మేనేజరమ్మ మంచిదే. నెలాఖరు దాకా గడువిచ్చింది. పన్నెండు పేర్లు తెస్తే గది మనదే.

ఇప్పుడు పుస్తకంలో కొట్టెయ్యని పేరు ఒక్కటే ఉంది. అది మీది. నేను సభ్యుణ్ణి కూడా కాదని నిన్ననే తెలిసింది. ఇన్నేళ్లలో నేనేదీ ఇంటికి పట్టుకెళ్లలేదు, తాళాలు తప్ప. ఒక క్యాసెట్టు జేబులో వేసుకుంటే రెండో సభ్యుణ్ణి అయ్యేవాణ్ణి. చెయ్యి రాలేదు.

ఉన్నదున్నట్టు చెప్తున్నాను వదినా, నాకు విసుగొచ్చింది. నిన్న మొన్న కాదు, అన్నయ్యకి జబ్బు చెయ్యకముందు నుంచే. ఆదివారం పొద్దున్న తాళం తీసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. ఆగిపోయే టేపులు, ఎవరూ ఆడని ఆటలు. అన్నయ్య అక్కడ మంచంలో పడుకుని దీనికోసం ఎదురుచూస్తున్నాడని మీరు రాయబట్టి ఇంతవరకూ లాక్కొచ్చాను.

ఉన్న ఒక్క సభ్యురాలు మీరు. కాబట్టి మీరే తేల్చండి. నడుపు అంటే, రేపటినుంచి మళ్లీ గుమ్మాలెక్కి కాళ్లా వేళ్లా పడి పన్నెండుమందిని తెస్తాను, ఒట్టు. వద్దంటే తాళాలు ఇచ్చేస్తాను. అన్నయ్య మనసు ఎటుందో కనుక్కుని రాయండి. నెలాఖరు లోపల కావాలి.

మీ మరిది


ఇల్లు, హాల్లో మంచం పక్కన
మార్చి 17

మరిదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నేనే చదువుకున్నాను.

మీ అన్నయ్య మనసు ఎటుందో కనుక్కోమన్నావు. ఆయన మనసు ఎక్కడుందో నాకు తెలియదయ్యా. మొదటి మూడు నాలుగు నెలలు నీ ఉత్తరం చదివితే వినేవారు, అది నిజం. తర్వాత ఇంకోసారి పక్షవాతం వచ్చింది కదా, చిన్నదే అన్నారు డాక్టర్లు. అప్పటినుంచి క్లబ్బు అన్నా, నువ్వన్నా, నేనన్నా ఒకటే. చదువుతుంటే నిద్రపోతారు, లేకపోతే కారణం లేకుండా ఏడుస్తారు. పెదవి లాగారని రాశాను చూడు, అది ప్రతిరోజూ లాగుతుంది. నవ్వు కాదు.

మిషను ఒళ్లో పెట్టాననీ, మీటలు నొక్కుతున్నారనీ రాసిందంతా అబద్ధం. అది బట్టల బీరువా పైన సూట్‌కేసులో ఉంది. ఇల్లు మారినప్పుడు అక్కడ పెట్టాను, ఇంతవరకూ తియ్యలేదు. పంపలేకపోవడానికి కారణం కూడా చెప్తాను విను. కుర్చీ ఎక్కి అంత బరువు దించే శక్తి నా నడుముకి లేదు.

మరి ఎందుకలా రాశావని అడుగుతావు. క్లబ్బు పోతే నీ ఉత్తరాలు ఆగిపోతాయని. అంతే. నువ్వు రాసేది క్లబ్బు రిపోర్టు, క్లబ్బే లేకపోతే నాకు రాయడానికి నీకేం పని? టేపులంటే నాకేమిటి, డ్రైవులంటే నాకేమిటి? కానీ ఆ టేపు నాలుగుసార్లు ఆగిపోయిందని చదివి నేను గట్టిగా నవ్వాను. ఎవరైనా వింటే పిచ్చిదనుకుంటారని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. మందులషాపు అబ్బాయి "రెండా, మూడా?" అంటాడు. నేను "మూడు" అంటాను. ఆ రోజుకి అదే మాట.

నువ్వు ఆ దరిద్రపు గదికోసం మూడు బస్సులు మారి తిరుగుతుంటే, నేనిక్కడ కూర్చుని అబద్ధాలు రాశాను. నిన్ను అరగదీశాను. క్షమించు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలిపోతుంది. కిందటి నెల, నీకు చిన్న ఉత్తరం రాసిన వారంలో, ఆయన జావ గిన్నె తోసేశారు. అప్పటికి మూడుసార్లు పక్క మార్చి ఉన్నాను. చెయ్యెత్తాను. కొట్టలేదు. కాని ఎత్తాను, ఆయన చూశారు. ముప్పై రెండేళ్ల కాపురంలో నన్ను ఒక్క మాట పడనివ్వని మనిషి. చెయ్యి దించి వంటింట్లోకి వెళ్లి నేల మీద కూర్చున్నాను. రెండేళ్లుగా నేను నాలుగు గంటలు వరసగా నిద్రపోలేదు. నిద్ర కావాలి నాకు. క్లబ్బూ వద్దు, ఆస్తీ వద్దు, నిద్ర కావాలి.

ప్రతి ఉత్తరంలోనూ అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగావు. నన్ను ఒక్కసారీ అడగలేదు. నేనూ నిన్నడగలేదులే, పెళ్లీ పెటాకులూ లేవని ఎగతాళి చేశాను. చెల్లుకి చెల్లు.

క్లబ్బు మూసెయ్యి నాయనా. సభ్యురాలి నిర్ణయం ఇదే. ఉత్తరాలు రాయాలనిపిస్తే రాయి, లేకపోతే లేదు.

వదిన


నా గది
మార్చి 24

వదినకి,

మీ ఉత్తరం వచ్చిన పూటే డిపో మేనేజరు దగ్గరికి వెళ్లాను. నాకు సెలవులు కుప్పలు పడి ఉన్నాయి. ఎన్నడూ అడగనివాణ్ణి అడిగేసరికి ఆయన కంగారుపడి "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగానే ఉందండీ, మా వదిన నిద్రపోవాలి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు గాని సంతకం పెట్టాడు. ఇరవై రోజులు ఇచ్చాడు.

క్లబ్బు మూసేశాను. సామానంతా పాలిటెక్నిక్ వాళ్లు వ్యాను తెచ్చి పట్టుకెళ్లారు. కుర్చీలు డాన్సు టీచరు అడిగింది, ఇచ్చాను. తాళాలు మేనేజరమ్మ చేతిలో పెట్టి మెట్లు దిగుతుంటే ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఆకలేసింది. హోటలుకి వెళ్లి కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ ఒకటిన పొద్దున్న బస్సుకి దిగుతాను. ఆ రోజంతా మీరు నాకు నేర్పండి. మందులు ఏవి ఎప్పుడు, పక్క ఎలా మార్చాలి, జావ ఎంత పల్చగా ఉండాలి, అన్నీ. ఎత్తడం గురించి బెంగపడకండి. డిపోలో బస్సు టైర్లు ఎత్తినవాణ్ణి, అన్నయ్య టైరుకన్నా బరువుంటాడా? రెండో రోజు మీరు మీ అక్కయ్యగారింటికి బయల్దేరాలి. ఆవిడకి ఉత్తరం రాసేశాను, మిమ్మల్ని అడగకుండానే. తిడితే వచ్చాక తిట్టండి. ఇకమీద ప్రతి నెలా మొదటి వారం నాది. సెలవులకి లోటు లేదు, క్లబ్బుకి పెట్టిన ఆదివారాలూ ఎటూ ఖాళీయే.

జావ గిన్నె సంగతి. ఎత్తిన చెయ్యి దించారు కదా. నేనైతే దించేవాణ్ణో లేదో, నాకు తెలియదు. వచ్చాక నాలుగు రోజుల్లో నాకూ తెలుస్తుంది.

మీరెలా ఉన్నారని ఈ ఉత్తరంలో అడగడానికి నాకు సిగ్గుగా ఉంది వదినా. వచ్చి చూస్తాను.

మీ మరిది


అక్కయ్య ఇల్లు, వెనకవైపు గది
ఏప్రిల్ 5

మరిదికి,

నిద్రపోయాను.

వచ్చిన రోజు మధ్యాహ్నం ఒక్క క్షణం నడుం వాలుద్దామని పడుకున్నాను. లేచేసరికి వెలుగ్గా ఉంది. అయ్యో, సాయంత్రమైపోయింది అనుకుని హడావిడిగా లేచాను. సాయంత్రం కాదట, మర్నాడు పొద్దున్న పదకొండు. మధ్యలో మా అక్కయ్య రెండుసార్లు వచ్చి, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిందట. "భయపెట్టి చంపావే!" అని తిట్టింది. తర్వాత కాఫీ తాగి మళ్లీ పడుకున్నాను.

నిన్న కొంచెం ఏడ్చాను. ఆయన గుర్తొచ్చి కాదు. నాలుగు గంటల మందు వేళకి కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి, అక్కడ ఎవరూ లేరు. మంచి మనిషి, మీ అన్నయ్య. ఆయన్ని చూసుకోవడం నాకు బరువైందని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను. అన్నాక కొంచెం తేలిగ్గా ఉంది.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపే అందుతుంది. తెల్ల బిళ్ల పొడి చేసి ఇవ్వాలి, పసుపుది చెయ్యకూడదు. ఎడమపక్కకి తిప్పేటప్పుడు భుజం పట్టుకోకు, నడుం దగ్గర పట్టుకో. గిన్నె తోస్తే తోయనీ, ఇంకోటి కలుపు. కోపం వస్తే వరండాలోకి వెళ్లి వందదాకా లెక్కపెట్టు. నువ్వెలా ఉన్నావు? వేళకి తింటున్నావా?

రేపు బయల్దేరదామని పొద్దున్నే బట్టలు సర్దుకున్నాను. సంచి గుమ్మం దగ్గర పెట్టాను. కాసేపు దాని పక్కనే కూర్చుని, మళ్లీ లోపలికి తెచ్చి అన్నీ తీసేశాను.

ఎల్లుండి వస్తాను.

వదిన